కూర్మమ్మ ఫార్సీ పాఠం

ఇదిగో, గోడకి జారబడి వింటున్న పెద్దమనిషీ, ముందు నీ సంగతి చెప్పు. కొత్తవాళ్ళు ఎదురైనప్పుడు నీ పేరు చెప్పి, నీ ఉద్యోగం మాత్రం ఒక మెట్టు పెంచి చెప్పావా లేదా? పక్కనున్నవాణ్ణి చూపించి "మనవాడే, పూచీ నాది" అన్నావా లేదా? వాడి ముఖం తప్ప వాడి గురించి నీకేం తెలుసు? నవ్వకు. నోటిమాటే కదా, ఎవడి సొమ్మేం పోయింది అనుకుంటున్నావు. కూర్మమ్మ కూడా అలాగే అనుకుంది. ఆమె సంగతి చెబుతాను, కదలకుండా కూర్చుని విను.

కూర్మమ్మకి యాభై నాలుగేళ్ళు. పొద్దున్నే లేచి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిని, ఆటోలో కాశీబుగ్గ వెళ్ళేది. అక్కడ సిమెంటు కొట్టు మీద మేడగది. మెట్లు నిటారుగా ఉండేవి. మోకాళ్ళు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి, పైకెక్కేసరికి ఆయాసం వచ్చేది. గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నల్లబల్ల, తిరిగితే గీరుమనే ఫ్యాను. గుమ్మం మీద "షిప్పు ఉద్యోగాల శిక్షణ" అని బోర్డు. దాని యజమాని మురళీమోహన్. ఇరాన్ రేవుల్లో తిరిగే ఓడల మీదకి మనుషుల్ని పంపడం అతని పని. జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టేవాళ్ళు, వలలు అమ్ముకున్న బెస్తవాళ్ళు, డిగ్రీ చదివి ఖాళీగా తిరుగుతున్నవాళ్ళు అక్కడికి వచ్చేవారు. వాళ్ళకి మూడు వారాలు ఫార్సీ నేర్పడం కూర్మమ్మ పని.

మూడు వారాల్లో నేర్పేది ఎంతో కాదు. తన పేరు చెప్పుకోవడం, ఊరు చెప్పుకోవడం, పని చెప్పుకోవడం, తనవాళ్ళ గురించీ పక్కవాడి గురించీ పరిచయంగా నాలుగు ముక్కలు చెప్పడం, ఓడ, రేవు, ఆసుపత్రి లాంటి అవసరం మాటలు. అంతే.

"అంతకి మించొద్దు టీచరమ్మా," అనేవాడు మురళీమోహన్. "మాటలెక్కువొస్తే ఈళ్ళు అక్కడ పెశ్నలడుగుతారు. మనకెందుకొచ్చిన గొడవ."

కూర్మమ్మ చదివింది అయిదో తరగతి. ఆమెకి ఫార్సీ ఎలా వచ్చిందంటే, మొగుడు పోయాక వచ్చింది. మొగుడు రాముడు ఇరాన్ ఓడ మీద వంటవాడు. ఏడేళ్ళ కిందట ఇంజన్ గదిలో మంటలు లేచి, పై అంతస్తులో వంట చేసుకుంటున్న రాముడు పొగకి చచ్చిపోయాడు. ఆ ఇంజన్ చూసుకోవాల్సినవాడు ఫిట్టరునని చెప్పుకుని ఎక్కిన మనిషేగానీ ఫిట్టరు కాడని తరవాత తెలిసింది. పెద్దకర్మ నాడు పురోహితుడు "ఇంకో విస్తరాకు ఉందామ్మా?" అని అడిగితే, కూర్మమ్మ ఉందన్న మాట ఫార్సీలో చెప్పింది. ఆయన అర్థంకాక మళ్ళీ అడిగాడు. ఆమె ఆకు తెచ్చి ఇచ్చింది. ఆయన పని ఆయన చేసుకున్నాడు. వచ్చినవాళ్ళు "రాముడి మాట దీనికొచ్చీసినాది" అనుకుని పప్పు వడ్డించుకున్నారు. ఊళ్ళో ఒకరికి షుగరొస్తుంది, ఒకరికి పూనకమొస్తుంది, కూర్మమ్మకి ఫార్సీ వచ్చింది. దాన్ని గురించి అంతకన్నా ఎవరూ ఆలోచించలేదు. వితంతు పింఛను కాగితంలో గుమాస్తా "తెలిసిన భాషలు" అన్నచోట అది కూడా రాసి సంతకం పెట్టమన్నాడు.

అయితే ఆ ఫార్సీకి ఒక గుణముంది. అది కూర్మమ్మ ఒక్కదానికే తెలుసు. ఆ భాషలో అబద్ధం ఆడడం ఆమెకి చేతకాదు. ఓడ కంపెనీ మనిషి ఫోన్ చేసి "బాగున్నారా?" అని మర్యాదకి అడిగినప్పుడు, బాగున్నానని మర్యాదకి చెప్పబోయింది. నాలుక తడిసిన గోనెసంచిలా బరువెక్కి కదల్లేదు. అప్పుడు తెలిసింది. తెలుగులో మాత్రం మన అందరిలాగే ఎంతైనా ఆడగలదు.

మరి పాఠం ఎలా చెప్పేది? అక్కడే ఆమె తెలివి. "ఎస్మె మన్" అంటే నా పేరు. "మన్ అహ్లె హింద్ హస్తమ్" అంటే నాది ఇండియా. ఇంతవరకు తను పలికి, వాళ్ళచేత పలికించేది. ఆ తరవాత "నేను ఫిట్టరుని, నాలుగేళ్ళ అనుభవముంది" అన్న వాక్యం వచ్చేసరికి నోరు మూసుకుని, దాన్ని తెలుగు అక్షరాల్లో బల్ల మీద రాసి, బెత్తం పెట్టి చూపించేది. వాళ్ళు గట్టిగా చదివేవారు. మురళీమోహన్ చేయించిన దొంగ సర్టిఫికెట్లలో ఏముందో అదే బల్ల మీద ఉండేది. అబద్ధం పలికేది వాళ్ళు, నా నోరు శుభ్రంగానే ఉంది, అనుకునేది కూర్మమ్మ. అలా నాలుగేళ్ళు అనుకుంది. మొగుడు ఏ అబద్ధానికి పొగలో ఊపిరాడక పోయాడో, అదే అబద్ధాన్ని సుద్దముక్కతో రోజూ రాస్తున్నానని ఆమెకి తట్టలేదంటే నేను నమ్మను. తట్టింది. చెయ్యి దులుపుకుని ఆటో ఎక్కేసింది.

ఆ వారం క్లాసులో ధనరాజ్ అని ఒకడున్నాడు. ముప్పై ఏళ్ళవాడు, పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. జీడిపిక్కల నూనె తగిలి తగిలి అతని వేళ్ళు నల్లగా పొట్టు లేచిపోయి ఉండేవి. పక్కవాడి గురించి చెప్పమంటే లేచి నిలబడ్డాడు.

"ఈషాన్ గోపి హస్తంద్..." అని, అంటే ఈయన గోపి అనేంతవరకు చెప్పి, ఆగిపోయాడు.

గోపి అతని చొక్కా లాగాడు. "ఒరే బావా, ఆగిపోనావేట్రా? ఫిట్టరని సెప్పు. నోరు తిరిగితే సీఫింజనీరనే సెప్పీ. పెళ్ళిసమ్మందం కూడా కుదిరిపోద్ది."

"నీ మొకానికి గంటె పట్టుకోడం రాదు గానీ, ఇంజినీరట," అన్నాడు ధనరాజ్. అందరూ నవ్వారు. కూర్మమ్మ కూడా నవ్వి బెత్తంతో బల్ల చూపించింది.

గురువారం మధ్యాహ్నం చిన్నతల్లి వచ్చింది. బీచి పక్క ఊళ్ళో ఎండుచేపలమ్ముకునే మనిషి. ఆమె కొడుకు గోవింద్ అదే క్లాసులో కూర్చుని, అదే బల్ల చదివి, మూడు నెలల కిందట ఓడెక్కాడు. చిన్నతల్లి గంప కిందపెట్టి మెట్టుమీదే కూలబడింది.

"అప్పా, నా గుంటడి ఫోను ఇరవై రోజులై తగల్డం నేదు. వోడలో ఏదో పేలిందట, రేవులో ఆసుపత్రికి కొంతమందిని తెచ్చారట. సెలవు మీదొచ్చినోడు ఈ నెంబరిచ్చాడు. నువ్వైతే ఆళ్ళ బాస మాటాడతావు. ఒక్కపాలి అడుగప్పా."

కూర్మమ్మ నెంబరు కొట్టింది. అవతల ఒక నర్సు ఎత్తింది. ఎవరి కోసం, అతనేం చేస్తాడు అని అడిగింది. గోవింద్ అని చెప్పింది కూర్మమ్మ. ఫిట్టరు అనబోతే నాలుక బరువెక్కింది. "మాహీగీర్," అంది. అంటే బెస్తవాడు.

నర్సు కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఇండియా నుంచి గోవింద్ అని ఒకడున్నాడు. రెండు చేతులూ కాలిపోయాయి. కానీ అతను ఇంజన్ ఫిట్టరు. మీరడిగేది బెస్తవాణ్ణి. అతనేనా, ఇంకొకడా? వివరాలు కలవకపోతే ఫోన్ ఇవ్వలేను."

ఆ కాగితం అబద్ధమమ్మా, అతనే ఇతను, ఆ అబద్ధం నేర్పింది నేనే, అంటే సరిపోయేది. అది నిజం కాబట్టి నాలుక కూడా అడ్డుపడేది కాదు. కానీ ఆ మాట అంటే ఆసుపత్రి నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి మురళీమోహన్‌కి వెళుతుంది. మేడగది పోతుంది, జీతం పోతుంది. కూర్మమ్మ ఫోన్ పెట్టేసింది.

"ఏటన్నారప్పా?"

"బాగున్నాడటే. వోడ నడిసంద్రంలో ఉందట. సిగ్నలు రాదట. రేవుకొచ్చాక ఆడే సేస్తాడట."

తెలుగు ఆమె నోట్లోంచి నూనెలా జారింది. చిన్నతల్లి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. గంపలోంచి మంచి నెత్తళ్ళు ఏరి కాగితంలో చుట్టి ఇచ్చింది. కూర్మమ్మ పుచ్చుకుంది. ఇంటికెళ్ళి వాటిని వేయించుకుంది. రెండు ముద్దలు తిని కంచం తీసేసింది.

శనివారం పగలు మూడింటికి కంపెనీవాళ్ళతో వీడియోలో ఇంటర్వ్యూ. మురళీమోహన్ లాప్‌టాప్ పెట్టాడు. తెర మీద నెరిసిన మీసాల ముసలి అధికారి ఒకాయన, ఆయనా అలిసిపోయే ఉన్నాడు. క్లాసంతా వెనక కుర్చీల్లో కూర్చుంది. ముందు ధనరాజ్‌ని కూర్చోబెట్టారు. అతను పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ఫిట్టరునన్నాడు, నాలుగేళ్ళ అనుభవమన్నాడు.

ముసలాయన కళ్ళు నులుముకున్నాడు. "వీళ్ళందరూ ఒకే పాట పాడతారు. అమ్మా, టీచరు మీరే కదా? ఇతన్ని మీరు పరిచయం చెయ్యండి."

మురళీమోహన్ మోచేత్తో పొడిచాడు. "సెప్పీ టీచరమ్మా, రెండు ముక్కలు. ఆయనకి బేగి తెమలాలట."

పేరూ ఊరూ చెప్పి ఊరుకుందామనుకుంది. "ఈషాన్ ధనరాజ్ హస్తంద్. అహ్లె హింద్." అవి నిజాలే, హాయిగా వచ్చాయి.

"ఏం పని చేస్తాడు?"

దగ్గు నటించవచ్చు. తల తిరుగుతోందని కూర్చోవచ్చు. కూర్మమ్మ ధనరాజ్ వైపు చూసింది. లాప్‌టాప్ ముందు పరిచి పెట్టుకున్న అతని చేతులు కనిపించాయి. నల్లబడినా, పొట్టు లేచినా, పనిచేసే చేతులు.

"జీడిపిక్కలు కొడతాడు," అంది ఫార్సీలో. "ఇంజన్ గది ఎన్నడూ చూడలేదు. అతని కాగితం అబద్ధం."

ముసలాయన కెమెరా దగ్గరికి జరిగాడు. తరవాత అడిగాడు. "షోమా కీ హస్తీద్?" అంటే, మీరెవరు?

ఏడేళ్ళలో ఆ ప్రశ్న ఆ భాషలో ఆమెనెవరూ అడగలేదు. ఎంతమందికో మొదటి పాఠం చెప్పింది గానీ, తనని తాను ఒక్కసారీ పరిచయం చేసుకోలేదు. మొదలుపెట్టాక ఆపడం ఆమె చేతిలో లేకపోయింది.

"ఎస్మె మన్ కూర్మమ్మ అస్త్. నేను రాముడి పెళ్ళాన్ని. రాముడు వంటవాడు. ఫిట్టరు కాని ఫిట్టరు వల్ల చచ్చిపోయాడు. నేను టీచరుని. అబద్ధం నేర్పుతాను. మీ రేవు ఆసుపత్రిలో ఉన్న గోవింద్ ఫిట్టరు కాడు, బెస్తవాడు. అతని చేతులు కాలిపోయాయి. చిన్నతల్లి అతని తల్లి. అతను బాగున్నాడని ఆమెకి చెప్పాను."

పేర్లు, పనులు, చోట్లు, ఎవరికి ఎవరేమవుతారు. వెనక కూర్చున్నవాళ్ళకి మూడు వారాల్లో వచ్చిన ఫార్సీ సరిగ్గా అంతే. చావు మాట, అబద్ధం మాట, చేతులు కాలిన మాట ఎవరికీ అందలేదుగానీ, తక్కినదంతా అందరికీ అర్థమైంది. ధనరాజ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. గోపి తలవంచుకున్నాడు. మురళీమోహన్ లాప్‌టాప్ మూత ధడాలున మూసేశాడు.

"ఏటి సేసీసావు టీచరమ్మా! అన్నం పెట్టిన సెయ్యి నరికీసావు గదే!"

తన సంచీ తీసుకుని కూర్మమ్మ మెట్లు దిగింది. ధనరాజ్ ఆమె వెనకే దిగాడు. ఇద్దరూ ఆటో ఎక్కి, ఎండ చల్లబడకముందే చిన్నతల్లి ఊరు చేరారు. చిన్నతల్లి వాకిట్లో చేపలు తిరగేస్తోంది.

"రా అప్పా. గుంటడు ఫోను సేసాడేటి?"

నేను అబద్ధమాడాను, నీ కొడుకు చేతులు కాలాయి, అని చెప్పడానికి కూర్మమ్మ నోరు తెరిచింది. ఫార్సీ వచ్చింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తెలుగు వెతుక్కుంది. ఫార్సీయే వచ్చింది. అమ్మ అన్న మాట కూడా దొరకలేదు.

"ఏటంతంది బాబూ?" అని చిన్నతల్లి ధనరాజ్‌ని అడిగింది.

ధనరాజ్‌కి తెలిసినది పరిచయాల మట్టుకే. "తన పేరు కూర్మమ్మంట," అన్నాడు. కాసేపాగి, "గోవింద్ ఆసుపత్రిలో ఉన్నాడంట," అన్నాడు. ఆ తరవాత ఆమె చెప్పిందేదీ అతనికి అర్థం కాలేదు. చిన్నతల్లి చేతిలోని చేపలు నేలమీద పడ్డాయి.

ముసలి అధికారి ఎలాంటివాడో తెలియదుగానీ, ఆసుపత్రిలో కాగితం దిద్దించాడు. మరుసటి వారం చిన్నతల్లి కొడుకు గొంతు విన్నది. రెండు నెలలకి గోవింద్ ఇంటికొచ్చాడు. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వల పట్టలేడు, అన్నం తల్లి కలిపి పెడుతుంది. ధనరాజ్ జీడి ఫ్యాక్టరీకే వెళుతున్నాడు. మురళీమోహన్ బోర్డు విప్పుకుని బొబ్బిలి పోయాడని విన్నాను. అతని లెక్క ఎవరు తేలుస్తారో వాళ్ళు తేలుస్తారు.

కూర్మమ్మకి తెలుగు మళ్ళీ రాలేదు. కొట్లో ఉప్పు కావాలంటే వేలు పెట్టి చూపిస్తుంది. వీధిలో ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుంటుంది. వాళ్ళు చెప్పేది వింటుంది, ఒక్కదానికీ బదులివ్వలేదు. కొన్నాళ్ళకి వాళ్ళు ఆమెతో మాట్లాడడం మానేశారు. కోపం కాదు, విసుగు.

ఆ చుట్టుపక్కల ఆమె మాట పూర్తిగా అర్థమయ్యేది ఒక్కడికే. ఆసుపత్రి మంచం మీద రెండు నెలలు పడుకుని, నర్సుల దగ్గర ఆ భాష బాగా నేర్చుకుని వచ్చిన గోవింద్‌కి. కూర్మమ్మ వారానికోసారి ఆటో ఎక్కి ఆ ఊరు వెళుతుంది. చిన్నతల్లి లోపలికి రమ్మనదు, పొమ్మనదు. గోవింద్ సముద్రం వైపు నడిచి వెళ్ళే దారి పక్కన కూర్మమ్మ నిలబడి ఉంటుంది. అతను దగ్గరికి రాగానే క్షమించమంటుంది. తన పేరు చెబుతుంది, తనేం చేసిందో మొదటినుంచీ చెబుతుంది. అందులో ఒక్క అబద్ధం లేదు.

ప్రతి మాటా అతనికి అర్థమవుతుంది. చేతులు చంకల్లో దాచుకుని, ఆగకుండా వెళ్ళిపోతాడు.