రెండో కొస

నేను ఒక లెవెల్ పైపుని. పేరు గొప్పగా ఉంది గానీ, చూడ్డానికి వేలు లావున ఉండే తెల్లటి ప్లాస్టిక్ గొట్టాన్ని, అంతే. నాలో నీళ్ళు నింపి ఒకరు ఒక కొస, మరొకరు రెండో కొస పట్టుకుంటే, మధ్యలో నేల ఎన్ని వంకర్లు పోయినా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలబడతాయి. ఆ మట్టం చూసి ఏ మూల ఎత్తు, ఏ మూల పల్లం, గోడ ఎంత లేపాలి అన్నది గుర్తు పెట్టుకుంటారు. నా గుణం గురించి ముందే చెప్పేస్తాను. నాకు అసూయ ఎక్కువ. ఎత్తుపల్లాలు చూడటమే బతుకైనదానికి ఇంకో గుణం ఎలా అబ్బుతుంది?

అనకాపల్లి దగ్గర ఒక రేకుల షెడ్డులో, యంత్రం నోట్లోంచి వేడివేడిగా బయటికి వచ్చి, చల్లనీళ్ళ తొట్టెలో పడి గట్టిపడ్డాను. నాకు ముందు తెగిన ముక్క చేపల తొట్లు అమ్మే దుకాణానికి పోయింది. ఇప్పటికీ అది రంగుచేపల మధ్య బుడగలు వదులుతూ, పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తుంటే మురిసిపోతూ ఉండి ఉంటుంది. నేను మాత్రం అప్పలస్వామి మేస్త్రి సైకిలు హ్యాండిలుకు చుట్టగా వేలాడాను.

మేస్త్రి దగ్గర తాడుకు వేలాడే ఇత్తడి గుండు ఒకటి ఉండేది. గోడ నిలువు చూడటానికి వాడేవాడు. పని మొదలుపెట్టే ముందు దాన్ని కళ్ళకద్దుకుని, పని అయ్యాక గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. నన్ను ఇసక మీద పారేసేవాడు. అయినా గుండు మీద నాకున్న మంట చిన్నది. అసలు మంట నీళ్ళ మీద. నన్ను ఎంతమంది పట్టుకున్నా, కళ్ళు దగ్గరగా పెట్టి చూసినా, వాళ్ళు చూసేది నన్ను కాదు, నాలో ఉన్న నీళ్ళని. పని కాగానే ఆ నీళ్ళని పారబోస్తారు. అయినా చూపులన్నీ వాటికే.

ఒకసారి విశాఖ శివార్లలో, కొండ వాలు మీద ఉన్న చిన్న ఇంటికి మరమ్మతు చేయడానికి వచ్చి, మేస్త్రి నన్ను అక్కడే వదిలేసి పోయాడు. అప్పటికే ఎర్ర దీపంతో గీత గీసే యంత్రం ఒకటి కొన్నాడు. అందుకే నన్ను మరిచిపోయాడని అనుకోవడం నాకు మర్యాదగా ఉంటుంది. ఆ ఇంటాయన, భూషణరావు అనే ముసలి కాంపౌండరు, నన్ను డ్రమ్ములో ముంచి, నోటితో పీల్చి, మొక్కలకు నీళ్ళు పెట్టుకునేవాడు. అప్పుడు కూడా చూపు మొక్కల మీదే.

ఆయన ఆ ఇంటిని అమ్మాలనుకున్నాడు. ఎవరూ కొనలేదు. ఇల్లు వాలుకు పైభాగాన ఉంది. పెరడు మాత్రం అక్కణ్ణుంచి నైరుతి మూలకు జారిపోయి ఉంది. వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలట. ఇక్కడ అంతా తలకిందులు. వచ్చినవాళ్ళు ఫోనులో దిక్కులు చూసుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. అలా వెళ్ళిపోయినవాళ్ళందరి పుణ్యాన ధర దిగి దిగి, చివరికి బస్సు డిపో మెకానిక్కు అందేదాకా వచ్చింది.

ఆ మెకానిక్కు పైడిరాజు. ఇంటిని ఇష్టపడింది మాత్రం అతని భార్య సత్యవేణి. బ్లౌజులు కుట్టి సంపాదించుకునే మనిషి, చదునైన గుడ్డను ఒంటి వంపులకు కుదిర్చే చెయ్యి ఆమెది. వెనక అరుగు మీద నిలబడి పెరడు వైపు చూసి, "మెట్లుమెట్లుగా అరుగులు కట్టుకుంటే పైన కూర, మధ్యన మల్లెలు, కింద అరటి. వాలుందని భయమేటండీ? పోసిన నీళ్ళు అవే దిగుతాయి" అంది.

మేస్త్రిని పెట్టుకునే స్తోమత లేదు. పెరట్లో తవ్విన రాళ్ళే పేర్చారు. డిపోలో అరిగి పారేసిన టైర్లు పైడిరాజు తెచ్చి, సగం పాతి, మట్టి నింపాడు. మట్టి జారకుండా అంచుల్లో వట్టివేరు దుబ్బులు నాటింది సత్యవేణి. చూరు కింద నన్ను కనిపెట్టిందీ ఆమే. ఆదివారాలు ఆమె పైన ఒక కొస, అతను కింద రెండో కొస పట్టుకుని నిలబడేవాళ్ళు.

"నీళ్ళు నిలబడ్డాయేటి?"

"నిలబడితే చెప్పనా? ముందు మీరు చెయ్యి కదపకండి."

"నా చెయ్యి కాదే, నీ నవ్వుకే పైపంతా ఊగిపోతంది."

అప్పుడు కూడా వాళ్ళు చూసింది నీళ్ళనే. ఒప్పుకుంటాను. కానీ ఒక్కొక్కసారి నీళ్ళ మీంచి కళ్ళెత్తి ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. ఆ చూపు నా పొడవునా నడిచి వెళ్ళినట్టుండేది. ఎవరి మీదా మంట లేని కాలం నా జీవితంలో ఏదైనా ఉందంటే అదొక్కటే.

రెండు అరుగులు పూర్తయ్యాక సత్యవేణి తన అక్కనూ బావనూ భోజనానికి పిలిచింది. అక్క కృష్ణవేణి. బావ దాలినాయుడు. టైల్స్ షాపుంది. పల్లపు పొలాలు చదును చేసి వేసిన లేఅవుట్లో పెద్ద ఇల్లు, ముందర పచ్చిక. పైడిరాజు ఏ గొప్పవాడి బంగళా చూసీ ఎన్నడూ నిట్టూర్చలేదు. అతని లోపల ముల్లు గుచ్చుకునేది దాలినాయుడి ఇల్లు చూసినప్పుడే. ఒకే ఇంట్లోంచి పిల్లను తెచ్చుకున్న మనిషి తనకన్నా ఎత్తున నిలబడటం అతను భరించలేకపోయేవాడు. అసూయ దూరాన ఉన్నవాళ్ళ మీద పుట్టదు. మన రెండో కొస ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మీదే పుడుతుంది.

దాలినాయుడు పెరట్లోకి వచ్చి టైర్ల వరసలు చూశాడు. "ఇదేటి తమ్ముడూ, ఇల్లు కొన్నావా, డిపో ఇంకోటి తెరిచావా? కండక్టరు మా మరదలేనా?"

అందరూ నవ్వారు. సత్యవేణి కూడా నవ్వింది. "టికెట్టు లేనోళ్ళని దింపేస్తాను బావా, చూసుకోండి" అంది. పైడిరాజు కూడా నవ్వాడు గానీ, నన్ను చుట్ట చుడుతున్న అతని చెయ్యి బిగుసుకుంది. భార్య నవ్వింది ఆ మాటకు కాదనీ, తనను చూసేననీ అతనికి అనిపించిందని ఆ బిగువే చెప్పింది.

భోజనమయ్యాక దాలినాయుడు చెయ్యి కడుక్కోవడానికి ఒక్కడే వచ్చాడు. కుళాయి పక్క మేకుకు నేనున్నాను. అతను కడుక్కుని వెళ్ళిపోలేదు. రెండో అరుగు దాకా దిగాడు. పైరగాలి అప్పుడే లేచింది. అతని చొక్కా తెరచాపలా ఉబ్బింది. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళు తెరిచాక అతని ముఖంలో కనిపించినదాన్ని వెంటనే గుర్తుపట్టాను. చేపల తొట్టె తలుచుకున్నప్పుడు నాకుండేది అదే.

లోపలికి వెళ్ళి అతను అన్న మాట కిటికీలోంచి వినపడింది. "నైరుతి పల్లం తమ్ముడూ. యజమానికి కలిసిరాదంటారు. నాకైతే ఇలాటివి నమ్మకం లేదు. షాపుకొచ్చే సిద్ధాంతిగారు అంటుంటాడు గనక చెప్తన్నాను. మనసులో పెట్టుకోకు."

ఆ మాట వాస్తులోంచి రాలేదు, పైరగాలిలోంచి వచ్చింది. కానీ పైడిరాజు ఆ ముఖాన్ని చూడలేదు. మనసులో పెట్టుకోవద్దని చెప్పిన మాటకు మనసులో చోటు వెతుక్కోనక్కర్లేదు.

నాలో చిన్న గాలిబుడగ చిక్కుకుంటే నేను తప్పు చూపిస్తాను. నీళ్ళు అంతే, పైపు అంతే, పట్టుకున్న చేతులూ అవే. అయినా గీసిన ప్రతి గీతా తప్పు. పైడిరాజులో అలాంటి బుడగే చేరింది. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే నైరుతి మూలకు పోయి నిలబడేవాడు. కడుపునొప్పి వచ్చినా నైరుతే, ప్రమోషన్ తప్పినా నైరుతే. చివరికి ఆ మూలన పెద్ద గోడ కట్టి, మట్టి నింపి, ఈశాన్యం కన్నా ఎత్తు చేస్తానన్నాడు.

"అంత గోడ కడితే వాన నీళ్ళు ఎటు పోతాయండీ?" అడిగింది సత్యవేణి.

"ఈశాన్యం వైపు పోవాలి."

"ఈశాన్యం కొండెక్కి ఉంది. నీళ్ళు కొండెక్కుతాయేటి? గోడకు కింద తూములన్నా పెట్టండి."

"నైరుతిలో తూము ఉండకూడదంట."

"ఎవరంట?"

పైడిరాజు నా కొసను ఆమెకు అందించాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఈ గోడకి నేను పట్టుకోను" అని లోపలికి వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. అతను నా రెండో కొసను వెదురు గుంజకు తీగతో కట్టాడు. పైకెక్కి గీత గీయడం, కిందికి పరుగెత్తి చూసుకోవడం, మళ్ళీ ఎక్కడం. లోపలి నుంచి మిషను చప్పుడు ఆగకుండా వచ్చేది. ఆమె వేళ్ళ మధ్య జారే దారాన్ని తలుచుకుని నేను కుమిలిపోయాను. అతను కూడా ఆ చప్పుడు వినపడిన ప్రతిసారీ రాయిని కాస్త గట్టిగా వేసేవాడు.

గోడ లేచింది. ఒక్క కన్నం లేదు. వెనక మట్టి సగమే నిండింది, ఇంతలో వానలు దిగాయి.

మూడు రోజులు ముసురు పట్టి, నాలుగోనాడు మధ్యాహ్నం కుండపోత కురిసింది. కొండ మీది నీళ్ళన్నీ పెరట్లోకి దిగి గోడ దగ్గర ఆగిపోయాయి. అరటి పిలకలు మునిగాయి. మల్లెల అరుగు మునిగింది. నీళ్ళు ఇంటి వైపు ఎక్కడం మొదలుపెట్టాయి. పునాది కింద మట్టి నానితే ఇల్లే కిందికి జారుతుంది. అప్పుడే వీధి గుమ్మం ముందు ఆటో ఆగింది. తడిసి ముద్దయిన దాలినాయుడు, కృష్ణవేణి దిగారు. వాళ్ళ లేఅవుట్ మొత్తం నీళ్ళపాలైందట. సోఫాలు తేలుతున్నాయట.

"ఎత్తు మీదున్నారని మీ దగ్గరికొచ్చాం చెల్లీ" అంది కృష్ణవేణి వణుకుతూ.

ఈ మాట వినాలని పైడిరాజు ఎన్నాళ్ళు ఎదురు చూశాడో నాకు తెలుసు. దాలినాయుడు తడిబట్టలు విప్పి, పైడిరాజు ఇచ్చిన లుంగీ కట్టుకుని వెనక అరుగు మీద నిలబడటాన్ని పైడిరాజు ఒక్క క్షణం కళ్ళారా చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణమే. సత్యవేణి అప్పటికే గునపం తీసుకుని, మోకాలి లోతు నీళ్ళలో గోడ అంచు వెంట పోతోంది.

పైడిరాజు పరుగున పోయి గునపం లాక్కున్నాడు. లాక్కుని నిలబడిపోయాడు. వెనక దాలినాయుడు చూస్తున్నాడు. గోడ కొడితే తను కట్టింది తప్పని తోడల్లుడి ముందే ఒప్పుకున్నట్టు. కొట్టకపోతే ఇల్లు లేదు. వాన అతని ముఖం మీద కొడుతోంది, అతను తుడుచుకోవడం లేదు.

"తమ్ముడూ, నైరుతి గోడరా..." అరిచాడు దాలినాయుడు.

సత్యవేణి అటు తిరగలేదు. భర్త ముఖంలోకే చూస్తూ, "ఇల్లు కావాలా, ఆయన ముందు ఎత్తు కావాలా? రెండూ ఉంచుకోడానికి చోటు లేదు. చెప్పండి" అంది.

అతను గునపం ఎత్తాడు. గోడకు ఒక చివర పైరాళ్ళు ఒక్కొక్కటే పెళ్ళగించాడు. సందు పడగానే నీళ్ళు మిగిలిన పని తామే చేసుకున్నాయి. పెద్ద చప్పుడుతో గోడ సగం కూలింది. మల్లెల అరుగూ, టైర్లూ, అరటి పిలకలూ దాంతో పాటే పోయాయి. వట్టివేరు పట్టుకున్న పై అరుగు ఒక్కటే మిగిలింది, దాని ఎగువన ఇల్లు మిగిలింది. పైడిరాజు బురదలో కూలబడ్డాడు. సత్యవేణి పక్కన కూర్చుని, అతని చేతిలోంచి గునపం తీసి అవతల పెట్టింది. కాసేపటికి అతను తల ఆమె భుజానికి ఆనించాడు.

దాలినాయుడు అరుగు మీంచి అదంతా చూశాడు. కుళాయి పక్క మేకు మీంచి నేను దాలినాయుణ్ణి చూశాను.

వాళ్ళింట్లో నీళ్ళు తీశాక అతను ఒకరోజు కారులో వచ్చి, "లెవెల్ పైపుంది గదా తమ్ముడూ, ఓసారి ఇస్తావా? మా ముంగిట్లో చిన్న పనుంది" అన్నాడు.

పైడిరాజు భార్య వైపు చూశాడు. "ఇచ్చెయ్యండి. ఆయన అవసరం మనదానికన్నా పెద్దది" అంది సత్యవేణి. నన్ను కారు డిక్కీలో వేశారు. ఎవరూ వెనక్కి చూడలేదు.

దాలినాయుడి పని ఏమిటో చూసి నేనే నమ్మలేకపోయాను. పచ్చిక కుళ్ళిన చోట లారీలతో ఎర్రమట్టి పోయించి, చదునైన నేల మీద ఒక కొండ చేయించాడు. దాని చుట్టూ మెట్లుమెట్లుగా అరుగులు. కొత్త టైర్లు కొని, పసుపూ నీలమూ రంగులు వేయించి పాతించాడు. రెండో కొస వాచ్‌మన్‌కు ఇచ్చి, తను ఫోనులో మాట్లాడుతూ మొదటి కొస పట్టుకున్నాడు. సాయంత్రాలు ఆ దిబ్బ ఎక్కి నిలబడతాడు. అక్కడ గాలి రాదు. చుట్టూ మేడలు.

పని తీరాక నన్ను కారు షెడ్డులో పారేశాడు. పచ్చబడిపోయాను, మడతల దగ్గర బిరుసెక్కాను. మొన్న కృష్ణవేణి షెడ్డులోకి వచ్చి, కారు కడుగుతున్న భర్తతో అంది:

"ఆ పైపు ఇచ్చేయమని ఎన్నిసార్లు చెప్పాను? వాళ్ళు కొత్తది కొనుక్కున్నారంట."

"ఎందుకంట?"

"కూలిన అరుగులు మళ్ళీ లేపుతున్నారు. ఆదివారం నేనెళ్ళేసరికి అటొకళ్ళు, ఇటొకళ్ళు నిలబడి ఒకటే అరుపులు."

దాలినాయుడి చెయ్యి ఆగింది. "దెబ్బలాడుకుంటన్నారా?" అడిగాడు. గొంతులో ఆశ దాచుకోలేకపోయాడు.

"లేదండీ, నవ్వుకుంటన్నారు."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అతను మళ్ళీ గుడ్డ ముంచి, కడిగిన చోటే కడగడం మొదలుపెట్టాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ కొత్త పైపు ఎంత తేటగా ఉంటుందో, దాని కొసను సత్యవేణి ఏ చేత్తో పట్టుకుంటుందో అని నేనూ అదే పనిగా ఆలోచిస్తున్నాను.