తలుపు వైపు వీపు

మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి జీతమిస్తే ఆడింది ఆట, పాడింది పాట. పదకొండు మందిని పదకొండు ఇళ్లలో పెట్టుకుని పని చేయిస్తున్నవాణ్ణి, నాకు తెలుసు. పాడైన ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల మీద వచ్చే ఫిర్యాదులకు జవాబులు రాయడం మా పని. ఒకడైతే ఏడు నెలలు బామ్మర్దిచేత రాయించి, తాను దర్జాగా నిద్రపోయాడు. అది బయటపడిన రోజే నియమం పెట్టాను. రోజూ పది నుంచి పదకొండు దాకా అందరూ కెమెరా ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని రాయాలి. వీపు వెనక తలుపు కనబడాలి, లోపలికి ఎవరొచ్చినా నాకు తెలియాలి. ఫోన్లు స్విచాఫ్. మైకులు నేనే మూసేస్తాను. తల వెనక్కి తిప్పితే ఒక గీత. నెలలో మూడు గీతలు పడితే ఉద్యోగం లేదు.

గీతలన్నీ ఒకావిడకే పడేవి. వెనకచూపమ్మ అని ఆమెకు నేనే పేరు పెట్టాను. అందరూ నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందో వాళ్లకూ తెలుసు. ఆమె తండ్రి ఒకప్పుడు దర్జీ. ఇప్పుడు మతి తప్పి, ఎప్పుడో మూసేసిన కొట్టుకి వెళ్లాలని పొద్దస్తమానం తలుపు దగ్గరికొస్తాడు. ఆయన్ని చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. బల్ల తిప్పుకుని తలుపుకి ఎదురుగా కూర్చుంటానని ఆమె నెల్లాళ్లు బతిమాలింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఒకరికి సడలిస్తే పదిమంది నెత్తికెక్కుతారు.

నెలాఖరు రోజుకి ఆమెకు రెండు గీతలున్నాయి. ఆమె బొమ్మని తెరంతా పెద్దది చేసుకుని, కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాను. దాచడమెందుకు, మూడోది పడాలనే కోరుకున్నాను.

పదిన్నర దాటాక ముసలాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కొలతల టేపు. రోజూ తాళం ఉండే తలుపుకి ఆ రోజు వేయడం మరిచిపోయినట్టుంది. ఆయన గడియ తీశాడు. హెడ్‌ఫోన్లలో ఆమెకు ఆ చప్పుడు వినబడలేదు, తల వంచుకుని రాస్తూనే ఉంది.

మిగతా పదిమందీ చూశారు. వాళ్లలో పెద్దాయన కెమెరాకి అడ్డంగా చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. నేను మైకు తెరిచాను.

"ఎవరి పని వాళ్లు చూసుకోండి. ఎవరూ వెనక్కి తిరగొద్దు."

తననే అన్నాననుకుని ఆమె తల ఇంకా వంచుకుంది. పెద్దాయన చెయ్యి దిగిపోయింది. ముసలాయన తలుపు వేయకుండానే వెళ్లిపోయాడు. ఆ సగం తెరిచిన తలుపు ఇరవై నిమిషాలు అలాగే ఉంది, నేనూ దాన్ని చూస్తూనే ఉన్నాను.

పదకొండింటికి మైకులు తెరిచి, అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాను. మనసుంటే మార్గముంటుందని, ఇవాళ ఒక్కసారీ తల తిప్పలేదని, ఉద్యోగం నిలబడిందని చెప్పాను. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ నవ్వుతోనే వెనక్కి తిరిగింది.

ఆయన మూడో రోజు దొరికాడు, ఆస్పత్రిలో శవాల గదిలో. ఏదో లారీ కింద పడ్డాడట. మెడలో టేపు అలాగే ఉందట. ఆమె ఫోన్ చేసి నన్ను ఒకటే అడిగింది.

"నాన్న ఎన్నింటికి వెళ్లారో మీకేమైనా కనబడిందా సార్?"

నా తెర మీద మీరంతా గోరంత ఉంటారమ్మా, ఏం కనబడుతుంది అన్నాను. తర్వాత పదిమందినీ అడిగిందట. ఎవరూ చూడలేదన్నారు. వాళ్లకూ సంసారాలున్నాయి.

పదిరోజులకు ఆమె పనిలోకి వచ్చింది. ఇకనుంచి బల్ల ఎటైనా తిప్పుకోవచ్చని పెద్దమనసుతో చెప్పాను.

"వద్దు సార్. ఇప్పుడు వెనక్కి తిరిగే పనేముంది?" అంది.

అప్పట్నుంచి ఆమెకు ఒక్క గీతా పడలేదు. అందరికంటే ఎక్కువ జవాబులు రాస్తోంది. తన వెనక తలుపు మాత్రం ఆ రోజు ఎంత తెరిచి ఉందో సరిగ్గా అంతే తీసి, వచ్చి కూర్చుంటుంది. మూసెయ్యమనాలంటే అది నాకు కనబడుతుందని ఒప్పుకోవాలి. రోజూ పది నుంచి పదకొండు దాకా దాన్ని చూస్తూ కూర్చుంటున్నాను.