మంచానికి అవతలి పక్క

"రాత్రి అయిదుసార్లు లేచిందమ్మా. ఇంక దీనికి నిద్రెక్కడిది" అన్నాడతను టిఫిను తింటూ తల్లితో. పెళ్ళాం మీద జాలితోనే అన్నాడు, పాపం.

పొయ్యి దగ్గర పిల్లకు పాలు కలుపుతున్న ఆమె చేతిలో చెంచా ఆగింది. అయిదుసార్లే. లెక్క సరిగ్గా ఉంది. ఆ లెక్క ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"మీకెలా తెలుసు?" అంది వెనక్కి తిరగకుండానే.

"ఇందాక నువ్వే చెప్పావుగా."

చెప్పిందా? చెప్పే ఉంటుందేమో. ఇరవై రెండు నెలలుగా ముక్కలు ముక్కలు నిద్రపోయే మనిషి తన జ్ఞాపకం మీద ఏం ఒట్టేసి చెప్పగలదు? మొన్న ఉప్పు డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టింది. అత్తగారు నిన్నంతా అదే చెప్పుకుని నవ్వింది. చెప్పే ఉంటాలే అనుకుని చెంచా మళ్ళీ తిప్పింది. కానీ అనుమానం పంటిలో ఇరుక్కున్న పీచులాంటిది, నాలుక ఊరుకోదు.

అతనికి రాత్రిళ్ళు ఏమీ వినపడదన్నది ఆ ఇంట్లో ఎప్పుడో తేలిపోయిన విషయం. పెళ్ళయిన కొత్తలోనే అత్తగారు మురిపెంగా చెప్పింది, "మావాడు పడుకుంటే పక్కన పిడుగు పడ్డా లేవడమ్మాయ్" అని. పిల్ల పుట్టాక ఆ మురిపెం కాస్తా చట్టమైపోయింది. బుడ్డది ఏడుస్తుంది, ఆమె లేస్తుంది, నీళ్ళు తాగిస్తుంది, భుజాన వేసుకుని గదిలో పదిసార్లు తిరుగుతుంది. మంచానికి అవతలి పక్క దుప్పటి కదలదు. "నాకు మెలకువొస్తే లేవనా? నా ఒంటి తత్వం అది, ఏం చెయ్యను" అంటాడు అతను. అన్నప్పుడు నిజంగానే బాధగా కనిపిస్తాడు. అందుకే ఆమె ఒక్కనాడూ పోట్లాడలేదు. వినపడని మనిషితో ఏం పోట్లాడుతుంది? వినపడకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఆమె పనే అది. ఆస్పత్రిలో చెవులు పరీక్ష చేస్తుంది. గోడలకు స్పాంజి అతికించిన చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దానికి ఇవతల నుంచి సన్నని కూతలు పంపిస్తుంది. వినపడినప్పుడల్లా వాళ్ళు బటన్ నొక్కుతారు. వాటిని చీటీ మీద గుర్తు పెడుతుంది. పోయినవారం ఒక పెద్దాయన కుడి చెవి గుర్తులన్నీ ఎడమ చెవి వరసలో పెట్టేసింది. డాక్టరమ్మ చూసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే బాగున్న చెవికి మిషను పెట్టేవారు.

"నువ్విలా చేసే మనిషివి కాదమ్మా" అంది డాక్టరమ్మ. "పిల్ల పెద్దదయ్యేదాకా మానుకుంటానంటే నేను అడ్డం చెప్పను. ఏదో ఒకటి శనివారంలోగా తేల్చు. నేను ఇంకొకర్ని చూసుకోవాలి."

ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పలేదు. "పిల్ల కంటే ఎక్కువా ఉద్యోగం" అని అత్తగారు, "నేనేమీ మానెయ్యమనట్లేదు, నీ ఒంటి గురించే నా బెంగ" అని అతను. ఆమె కూడా దాదాపు సరేననుకుంది. లేవగలిగేది తనొక్కతే అయినప్పుడు మరి దారేముంది? పదకొండేళ్ళు నేర్చుకున్న పనిని శనివారం అప్పగించి రావాలి. ఇవాళ గురువారం. ఇంతలో ఈ అయిదుసార్లు.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు వినపడదని అబద్ధమాడతారు. సర్టిఫికెట్ కోసం ఒకరు, ఏదో ఒక బాధ్యత తప్పించుకోవడానికి ఒకరు. వాళ్ళతో వాదించకూడదు. పరీక్షంతా అయిపోయాక, హెడ్‌ఫోన్లు తీసేసి, వెనక నిలబడి, గాలికన్నా కొంచెం గట్టిగా "మీ సంచి కుర్చీ కింద ఉండిపోయింది" అనాలి. చెయ్యి దానంతటదే సంచి కోసం పోతుంది. ఆ తర్వాత వాళ్ళ మొహాలు చూడటం ఆమెకెప్పుడూ ఇష్టం ఉండేది కాదు.

ఆ రాత్రి బుడ్డది రెండోసారి లేచినప్పుడు ఆమె ఎత్తుకోలేదు. పక్కన ఒరిగి జోకొడుతూ పిల్ల చెవిలో మెల్లగా, పరీక్ష గదిలో వాడే గొంతుతో అంది: "రేపు ఆరున్నరకే నీళ్ళు ఆపేస్తారంట బంగారం. టాంకు కడుగుతారంట." అదంతా కల్పన. అంటుంటే ఆమెకే సిగ్గేసింది, మొగుడికి వల పన్నుతున్నానా అని. అవతలి పక్క ఊపిరి ఒకే తీరుగా సాగుతోంది. అసలు నిద్రపోయే మనిషి ఊపిరి అంత పద్ధతిగా ఉంటుందా అని కూడా తోచింది. ఆ పాడు ఆలోచనకు తనను తానే తిట్టుకుంది. పరీక్ష తప్పాలని, అతను మామూలుగా ఏడున్నరకి లేవాలని మొక్కుకుంటూ పడుకుంది.

ఆరుంబావుకి బాత్‌రూములో చప్పుడైంది. ఆమె వెళ్ళేసరికి అతను తల తుడుచుకుంటున్నాడు. స్నానం అయిపోయింది. రెండు బకెట్లూ అంచులదాకా నిండి ఉన్నాయి.

"ఇదేంట్రా, ఇంత పెందలాడే లేచావు?" అంది తల్లి.

"ఏదో మెలకువొచ్చిందిలే" అన్నాడు.

ఏడింటికి అతను కాఫీ తాగుతుంటే ఆమె అతని ఎదురుగానే సింకు దగ్గర నిలబడి కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు దబదబా పడ్డాయి. పిల్ల గ్లాసు కడిగింది. కడిగిందే మళ్ళీ కడిగింది. అతను కుళాయి వంక చూశాడు.

"నీళ్ళొస్తున్నాయే" అన్నాడు, నోరు జారి.

"ఎందుకు రావు?" అంది ఆమె.

అతని చూపు కుళాయి మీద నుంచి ఆమె మొహం మీదికి వచ్చి, అక్కడ నిలవలేక గ్లాసులోకి దిగింది. ఆమె కుళాయి కట్టేసింది. బద్ధకం, అంతే అనుకుంది. మగవాళ్ళలో బద్ధకస్తులు కొత్తా? బద్ధకంతో ఎలాగో ఒకలా కాపురం చెయ్యొచ్చు.

శనివారం దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరమ్మతో చెప్పింది, మానట్లేదని. రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోనూ చెప్పింది. "ఒంటిగంట దాకా నేను లేస్తాను. ఆ తర్వాత ఆయన లేస్తారు."

"వాడికి వినపడి చావదుగా అమ్మాయ్" అంది అత్తగారు.

"వినిపిస్తుందత్తయ్యా. పరీక్ష చేశాను. కావాలంటే రాసి సంతకం పెట్టి ఇస్తాను."

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు, కలిపిందే కలుపుతూ.

ఒంటిన్నరకి బుడ్డది ఏడ్చింది. ఆమె కళ్ళు తెరవలేదు. "అమ్మా" అని పిలిచింది పిల్ల. కాళ్ళు వాటంతటవే మంచం దిగబోయాయి, బిగబట్టుకుంది. ఊపిరిలో తేడా రాకుండా చూసుకుంది. రెండోసారి "అమ్మా" అన్నప్పుడు రెప్పలు అదిరాయి, గట్టిగా నొక్కిపెట్టింది. వీపంతా చెమట పట్టింది. పిడికిలిలో దుప్పటి నలిగిపోయింది. చాలాసేపటికి అవతలి పక్క పరుపు లేచింది. "ఏడవకు, నాన్న ఉన్నాడుగా" అంటూ అతను పిల్లను ఎత్తుకున్నాడు. అయిదు నిమిషాలు తిప్పాడో లేదో, బుడ్డది అతని భుజం మీదే నిద్రపోయింది. అంతే పని.

ఆమెకు మాత్రం ఒళ్ళు నొప్పులు తగ్గలేదు. పిల్ల పిలుస్తుంటే కదలకుండా పడుకోవడం, లేచి తిప్పడం కన్నా ఎంత పెద్ద చాకిరో ఇప్పుడు తెలిసింది. దాన్ని అతను రాత్రికి అయిదుసార్లు, ఇరవై రెండు నెలలపాటు, ఒక్కనాడూ తప్పకుండా చేశాడు.

బద్ధకస్తుడే అయితే ఏనాడో లేచి పిల్లని ఎత్తుకునేవాడు.