గొంతాయన దాచుకున్న మాట

గొంతాయన మాట్లాడటం మానేసి మూడో రోజు. ఆయన బాధ ఆయనది గానీ, భార్యకి మాత్రం ప్రాణం హాయిగా ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో, కారు నడుపుతూ మొదలుపెట్టిన మాటని చివరిదాకా చెప్పగలగడం ఇదే మొదటిసారి.

స్టూడియోలో అందరూ ఆయన్ని గొంతాయన అనే పిలుస్తారు. హీరోలకి గొంతు అరువివ్వడం ఆయన ఉద్యోగం. తెరమీద కండలు వాళ్ళవి, గర్జనలు ఈయనవి. ఆ గొంతులో ఇప్పుడు కాయలాంటిదేదో మొలిచింది. కోసి తీసేయాలన్నాడు డాక్టర్. తీశాక పాత గొంతు వస్తుందా అని అడిగితే ఫ్యాను వంక చూశాడు మహానుభావుడు. అప్పటిదాకా నోరు మూసుకోమన్నాడు, అరిస్తే ఉన్నది కూడా పోతుందన్నాడు.

ఇంటికొచ్చి గొంతాయన కాగితం మీద ఒకే ఒక్క కోరిక రాసిచ్చాడు. ఎప్పుడో ఒక హీరోకి ఆయన చెప్పిన మాట ఒకటుంది. హాళ్ళలో ఈలలు వేయించిన మాట. సముద్రపు ఒడ్డున ఒక మహావృక్షం కింద నిలబడి, పడవెక్కి పోతున్న పిల్లతో హీరో అంటాడు: "నువ్వెళ్ళినా నేనిక్కడే ఉంటాను." ఈలలు హీరోకి పోయాయి, ఈయనకి ఏసీ పనిచేయని గదిలో గ్లాసుడు వేడినీళ్ళు మిగిలాయి. ఆ చెట్టు కిందే నిలబడి, తన నోటితో, తన గొంతుతో ఆ మాట ఒక్కసారి అనాలి. ఆపరేషన్‌కి ముందే అనాలి. అందుకోసమే ఉన్న కాస్త గొంతునీ దాచుకుంటున్నాడు.

ఆవిడ సరేనంది. పార్కుల్లో చెట్లకి కొమ్మలు కొట్టించే పని ఆవిడది. పెద్ద చెట్టు కనబడితే దగ్గరి చుట్టం ఎదురైనట్టు ఆగిపోతుంది. అందుకని ఒప్పందం కుదిరింది. సముద్రం పక్క రోడ్డు పట్టుకుని పోతూ ఒక సినిమా చోటు ఆయన కోసం, ఒక పెద్ద చెట్టు ఆవిడ కోసం.

సినిమా చోట్లన్నీ తుస్సుమన్నాయి. దెయ్యాల బంగళా కాస్తా టైర్ల గోడౌనై కూర్చుంది. హీరో ప్రాణాలకి తెగించి దూకిన కొండ మీదనుంచి ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా దిగొచ్చింది. చెట్లు మాత్రం పరువు నిలబెట్టాయి. ఒకదానికి చెరోవైపు నిలబడి చేతులు చాపితే ఒకరి వేళ్ళు ఒకరికి అందలేదు. ఉన్నారా అని ఆవిడ కేకేస్తే అవతలినుంచి చప్పట్లు వినిపించాయి.

ఆయన సైగలకి మాటలు చెప్పే పని కూడా ఆవిడదే అయింది. లాడ్జి కౌంటరు ముందు ఆయన ముక్కు మూసుకుని, చిరిగిన తువ్వాలు ఊపి, చేతులు తిప్పి తిట్టాల్సినవన్నీ తిట్టాడు. గది చాలా నచ్చిందట, ఇంకో తువ్వాలు ఇస్తే సంతోషిస్తారట అని ఆవిడ నవ్వుతూ చెప్పింది. గొంతాయన గుడ్లురిమాడు. ఇంత అన్యాయమైన డబ్బింగు ఆయన జన్మలో చెప్పలేదు మరి.

మూడో రోజు మధ్యాహ్నానికి పెట్రోలు బంకు దగ్గర రోడ్డు రెండుగా చీలింది. ఎదురుగా సముద్రం, కుడివైపొక కొండ, ఎడమవైపొక కొండ. సినిమా తీసింది ఈ రెంటిలో ఒకదాని మీదే. మ్యాపు పట్టుకున్న గొంతాయన అనుమానమే లేకుండా కుడివైపు చూపించాడు. తెరమీద సముద్రం చెట్టుకి ఎడమపక్కనుంది, కుడి కొండ మీదైతేనే అలా కనబడుతుంది.

"ఏమండీ, రాత్రి ఫోన్లో ఆ సీను మళ్ళీ చూశాను. హీరో చొక్కా జేబు కుడివైపుంది. ఇన్ని చొక్కాలు ఇస్త్రీ చేశాను, కుడివైపు జేబెక్కడా చూడలేదు. బొమ్మని అద్దంలోలాగా అటుదిటు తిప్పేసుంటారు. మనం ఎడమకి పోవాలి."

అంతే, మౌనవ్రతం భగ్నమైంది.

"జేబు చూశావా? నేను వాడి పెదాలు చూశానే, రోజంతా చూశాను! నాకు చెబుతావా నువ్వు?"

ఆవిడ కారు కుడికే తిప్పింది గానీ నోరు మాత్రం ఆపలేదు. ఆయనా ఆపలేదు. జేబుతో మొదలైన గొడవ ఆవిడ ఎప్పుడూ తలకిందులుగా పట్టుకునే మ్యాపుల మీదికి, ఈ కారు అంటగట్టిన ఆవిడ తమ్ముడి మీదికి, అక్కణ్ణుంచి అత్తగారి మీదికి ఎక్కింది. నిజం చెప్పొద్దూ, మూడు రోజులుగా ఎదురు మాట లేక ఆవిడకి కూడా నోరు చప్పబడిపోయింది. ఆ రుచిలో ఇద్దరూ గొంతు సంగతే మర్చిపోయారు.

కుడి కొండ మీద ఐసు ఫ్యాక్టరీ ఉంది. చెట్టన్నది మందుకి కూడా లేదు. గొంతాయన ఏదో అనబోయాడు. సైకిలు పంపు కొట్టినట్టు గాలి మాత్రం వచ్చింది.

నేను చెప్పలేదా అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కిపోయింది. నోరు మూసుకుని ముందు ఎడమకి తిప్పి ఉంటే ఏం పోయేది అని తనని తను తిట్టుకుంటూ ఎడమ కొండకి నడిపింది.

చెట్టు అక్కడే ఉంది. బండని వేళ్ళతో పట్టుకుని, గది అంత లావు మానుతో సముద్రం మీదికి వంగి ఉంది. ఇంకెప్పుడైనా అయితే ఆవిడ పరిగెత్తుకెళ్ళి వాటేసుకునేది. ఇప్పుడు మొగుడి వంకే చూస్తూ నిలబడింది. ఆయన జుట్టు సర్దుకుని, సముద్రానికి ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. గాలే వచ్చింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ గాలే. గొంతు పట్టుకుని వేరు మీద కూలబడ్డాడు.

డాక్టర్ ఫ్యాను వంక చూసిన రోజునుంచి బిగబట్టుకున్న భయం ఒక్కసారిగా ఆవిడ మీద పడింది. అయినా ఆయన చెయ్యి పట్టి లేపి నిలబెట్టి, తను వెళ్ళి వెనక నిలబడింది.

"కానివ్వండి. పెదాలు మీవి, గొంతు నాది."

ఆయన అనుమానంగానే పెదాలు కదిపాడు.

"మా ఆవిడ చెప్పిందే నిజం, ఇకనుంచి మ్యాపు తనకే ఇస్తాను," అంది ఆవిడ గొంతు బొంగురు చేసుకుని.

గొంతాయన గిర్రున తిరిగాడు. తిడదామంటే గొంతు లేదు, నవ్వు మాత్రం ఆగలేదు. శబ్దం లేకుండా, భుజాలెగిరేలా, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని వేలు గాల్లో తిప్పాడు. ఇంకో టేకు అని.

ఈసారి ఆవిడ ఆయన ముందుకొచ్చి పెదాలు చూస్తూ ఉన్నదున్నట్టే చెప్పింది.

"నువ్వెళ్ళినా నేనిక్కడే ఉంటాను."

సగంలో ఆయన పెదాలు వదిలేసి కళ్ళలోకి చూసింది. ఎవరికి చెబుతోందో చెప్పేటప్పుడే తెలిసింది. ఆ గొంతు ఎటు పోయినా, ఇంకెప్పటికీ రాకపోయినా, తను మాత్రం ఎక్కడికీ పోదు.

గొంతాయన తల అడ్డంగా ఊపాడు. పెదాలు కలవలేదని సైగ చేసి, మళ్ళీ వేలు తిప్పాడు.