ఫిట్ అని తేలిన కోడలు

పాలు పొంగిపోవడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. సత్తుపల్లి బొగ్గుగని క్వార్టర్లలో కుమారస్వామి ఇంట్లో మాత్రం అది వార్త. పొద్దున్నే నల్లా కింద బిందె పెట్టగానే అతని తల్లి బతుకమ్మ ఆ వార్తలు చదివేది.

"నిన్న మూడుసార్లు పొంగినయ్ వదినె. పొయ్యి ముందల్నే నిలబడ్డది మా కోడలు. కండ్లు గిన్నె మీదనే ఉన్నయ్. మనిషి ఏడున్నదో దేవునికెరుక."

అందరూ నవ్వేవారు. కోడలు రోజారాణి కూడా నవ్వేది. పలక మరిచి బడికి వెళ్లి, పలక కోసం ఇంటికొచ్చి, బడిని మరిచిన పిల్ల ఆమె. మగపిల్లవాడికి ధ్యాస నిలవకపోతే చిలిపితనమంటాం. ఆడపిల్లకు నిలవకపోతే పొగరంటాం. ఆ పేరుతోనే ఆమె ఇంటర్ దాకా చదివింది, కాపురానికీ వచ్చింది.

2008 ఎండాకాలంలో ఇంకో తీరు మొదలైంది. నిద్ర లేదు, అలుపు లేదు. వారం రోజుల్లో తమ ఇంటికే కాక ఆ వరుసలోని ఇళ్లన్నిటికీ ఆవకాయ పెట్టింది. గోడలకు తనే సున్నం వేసింది. ఎదుటివాళ్లకు సందివ్వకుండా మాట్లాడింది. "ఇప్పుడు దారికొచ్చింది" అని అత్త మురిసిపోయింది. ఊరికే వచ్చిన ఆవకాయలో జబ్బు వాసన ఎవరికి మాత్రం తెలుస్తుంది?

వానలు పడేనాటికి అదే కోడలు గోడవైపు తిరిగి పడుకుంది. ఎనిమిదేళ్ల కూతురు జడ వేయమని రిబ్బన్లు పట్టుకుని నిలబడితే, చేయి లేపలేక ఏడ్చింది.

కుమారస్వామి చెడ్డవాడు కాడు. గనిలో బొగ్గు మోసే డంపర్ లారీలకు మెకానిక్. భార్యను ఖమ్మంలో మానసిక వైద్యురాలు ఉషారాణి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె రోజారాణితో గంటసేపు మాట్లాడి రెండు జబ్బులని చెప్పింది. ధ్యాస నిలవనిది చిన్ననాటి నుంచీ ఉన్నది, ఏడీహెచ్‌డీ. మనసు ఉప్పెనలా లేచి పడిపోయేది ఇప్పుడు బయటపడ్డది, బైపోలార్. మందులు రాసి, తలలో గడ్డలాంటిదేమైనా ఉందేమోనని స్కాన్ కూడా తీయించింది. రిపోర్టు 'నార్మల్' అని వచ్చింది. గడ్డ లేదు కానీ మందులు ఆపొద్దని డాక్టరమ్మ చెప్పిన మాటలో, కుమారస్వామికి మొదటి సగమే వినిపించింది.

గనుల్లో బతికేవాళ్లకు రోగమంటే మెడికల్ బోర్డు. బోర్డు అన్‌ఫిట్ అంటే రోగం ఉన్నట్టు. ఫిట్ అంటే ఎంత దగ్గినా డ్యూటీ ఎక్కాల్సిందే. ఒళ్లు చెప్పేదానికంటే కాగితం చెప్పేదే నిజమని అక్కడ చంటిపిల్లకు కూడా తెలుసు.

"నార్మల్ అంటె ఫిట్టే గదనే అమ్మా" అన్నాడు కుమారస్వామి.

"మరి గోలీలు దేనికి బిడ్డా? ఫిట్ అయినోళ్లకు సిక్ లీవ్ ఇస్తరా?" అంది బతుకమ్మ.

గోలీలు ఆగిపోయాయి.

రోజారాణి ఆ రిపోర్టు రెండుసార్లు చదివింది. "అంటె నాకు ఏ రోగం లేదా?"

"లేదు. సంతోషపడు."

ఆమె సంతోషపడలేదు. "రోగం లేకుంటె మరి నాకేమైంది? బిడ్డకు జడ గూడ ఎయ్యలేని తల్లిని ఏమంటరు?"

"బద్ధకమంటరు" అంది అత్త వంటింట్లోంచి.

దసరా ముందు రోజారాణికి ఎండాకాలంలోలాగే మళ్లీ మనసు పొంగింది. బడి నుంచి కూతురిని తీసుకుని, గోదారి చూపిస్తానని భద్రాచలం బస్సెక్కింది. అక్కడ బస్టాండులో పాపను బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరితోనో మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంకో బస్సెక్కింది. సాయంత్రానికి పాప పోలీసుల దగ్గర దొరికింది. తల్లి నాలుగో రోజున అడవి దారిలో, కాళ్లు బొబ్బలెక్కి దొరికింది. బూర్గంపాడులో ఉన్న ఆమె అన్న జంపయ్య తన ఇంటికి తీసుకెళ్లాడు.

కుమారస్వామి రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. "నార్మల్ అని మీరే ఇచ్చిన్రు గద మేడమ్."

ఉషారాణి కోప్పడలేదు. "నువ్వు మెకానిక్‌వి కదా. ఆగి ఉన్న డంపర్‌కు ఫొటో తీసి ఇస్తే, నడిచేటప్పుడు ఇంజన్ ఎక్కడ కొట్టుకుంటుందో చెప్పగలవా?"

"చెప్పలేను. నడిపిచ్చి ఇనాలె. డ్రైవర్ని అడగాలె."

"ఈ స్కాన్ ఆ ఫొటో లాంటిదే. పనిచేస్తున్న మెదడును చూసే మిషన్లు పెద్ద పరిశోధనల్లో ఉన్నాయి. ధ్యాస నిలవని ఆడవాళ్లలో, బైపోలార్ ఉన్న ఆడవాళ్లలో మెదడు పనిచేసే తీరు వేరువేరుగా కనిపిస్తోందంటున్నారు. కానీ అది ఎంతోమందిని కలిపి చూస్తే తెలిసేది. ఒక్క మనిషికి ఇదీ జబ్బని చెప్పే స్కాన్ ఫిలిం ఇంకా రాలేదు. ఆ మనిషినే అడగాలి. పెళ్లయి పదేళ్లయింది, నువ్వెప్పుడైనా అడిగావా?"

అడగలేదు. ఇంజన్లను అడిగినట్టు కూడా అడగలేదు.

మందులు తీసుకుని బూర్గంపాడు పోయాడు. రోజారాణి మంచం మీద గోడవైపు తిరిగి ఉంది.

"రోజా, గోలీలు తెచ్చిన. ఏసుకో."

"రోగమున్నోళ్లకు గోలీలు. నాకు లేదని నువ్వే చెప్పినవ్ గద." ఆ గొంతులో కోపం లేదు, అందుకే అతనికి భయమేసింది. "నేను మంచిదాన్ని గాను, అంతే. దానికి గోలీలుండవ్."

"పాప నీకోసం ఏడుస్తున్నది."

"నా దగ్గరికి తోలకు. మళ్ల ఏడనో మరిచిపోత."

జంపయ్య బావను వాకిట్లోకి తీసుకొచ్చాడు. "ఒక్క కాగితం చూపిచ్చి నమ్మిచ్చినవ్ బావా. ఇప్పుడు ఏం చూపిచ్చి మరిపిస్తవ్?"

కుమారస్వామి లోపలికి వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "నీకేమైతున్నదో చెప్పు రోజా. నేను వింట" అన్నాడు. ఆమె చెప్పలేదు. తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చి కూర్చున్నా చెప్పలేదు, ఆ పై ఆదివారమూ లేదు. జంపయ్య భార్య బతిమాలితే ఒక రోజు గోలీ మింగుతుంది, రెండు రోజులు ఉమ్మేస్తుంది. సత్తుపల్లిలో పాప నానమ్మ చేత జడ వేయించుకుని బడికి పోతోంది. నల్లా దగ్గర బతుకమ్మ ఇప్పుడు వార్తలేవీ చెప్పడం లేదు.

చదువుతున్న అమ్మలూ, అయ్యలూ! ఫిలింలో కనిపించనంత మాత్రాన బాధ లేనట్టు కాదు. మీ ఇంట్లో ఆడమనిషి "నాకేదో అవుతున్నది" అన్న రోజున కాగితాలు పక్కన పెట్టి ఆమె మాట వినండి, ఎందుకంటే ఆమె చెప్పడం మానేశాక మనకు ఎంత వినాలని ఉన్నా లాభం లేదు.