ధర్మరాజు లావు అక్షరాలు

ఆ లావు అక్షరాలంటే నాకు మొహం మొత్తిపోయింది. రాంగోపాల్‌పేట్‌లో నా ఫ్లెక్సీ షాపుకొచ్చే ప్రతివాడికీ అవే కావాలి. ఇరానీ చాయ్‌కి అవే, బిర్యానీకి అవే, ఆవకాయ సీసాకి అవే, చివరికి చెప్పుల దుకాణానికీ అవే. బొజ్జ ముందుకేసుకుని, పక్కన నల్లటి నీడ పరుచుకుని, మీసం మెలేసినట్టు తలకట్లు తిప్పుకుని నిలబడతాయి. "పాతకాలం లుక్ రావాలె మేడం" అంటారు. పాతకాలం చూసిన మొహం ఒక్కటీ ఉండదు వాళ్లలో.

అవి పుట్టింది మా గల్లీలోనే. నేను పెద్దనాయనా అని పిలిచే బోర్డుల పెయింటర్ ధర్మరాజు బతికినన్నాళ్లూ అట్లాగే రాశాడు. ఎవరో కాలేజీ పిల్లలు ఆయన పాత బోర్డులకి ఫోటోలు తీసుకుని కంప్యూటర్లో ఫాంటు చేశారు. 'పాతబజార్ బోల్డ్' అని పేరు పెట్టారు. అప్పటికే మా ఫ్లెక్సీల దెబ్బకి ఆయన కుంచె ఎండిపోయింది. పోయినేడు వానాకాలంలో, మల్కాజ్‌గిరికి ఇల్లు మారిన కొన్నాళ్లకే, ఆయనా పోయాడు.

మొన్నీమధ్య ఆయన భార్య అనసూయమ్మ మల్కాజ్‌గిరి నుంచి బస్సెక్కి నా దగ్గరికొచ్చింది. పొద్దుటి నుంచీ కంప్యూటర్ ముందు కూర్చుని నా నడుం విరిగిపోతోంది, కళ్లు మంటలు.

"స్వర్ణా, మీ పెద్దనాయన ఏడాది దగ్గరికొచ్చింది. ఒక ఫ్లెక్సీ కొట్టియ్యి బిడ్డా. ఆయన అక్షరాలల్లనే ఉండాలె."

"వర్ధంతికి అవి ఎవ్వరు వెయ్యరు పెద్దమ్మా. దుకాణం అక్షరాలవి, ఒకటే అరుస్తయి. నీలం ఆకాశం, మబ్బులు, ఒక దీపం పెట్టి సన్నగ రాస్త. అందరు గట్లనే వేయించుకుంటరు."

"ఆయనకు మబ్బులెందుకే? పసుపు మీద ఎర్రగ వెయ్యి. పేరు ఇంత పెద్దగ రాయి."

కాసేపు చీరకొంగు నలిపింది. "ఆయన పోయిననాడు ఒకటే వాన. కొత్తగ దిగిన ఇల్లు, గల్లిల ఒక్కరు సుత ఎరుక లేదు. పాడె మోయనీకి మనుషులు లేక మా తమ్ముడు ఆటోవాళ్లను బతిమిలాడిండు. ఊరందరి పేర్లు రాసిన మనిషే, ఆయన పేరు ఎవ్వరికి తెల్వకపాయె. ఈసారన్న గల్లీ అంత వచ్చి తిని పోవాలె. గంతే నాకు."

ఇంక నేనేం వాదించను? పైన ఈ చివర నుంచి ఆ చివరకి 'ధర్మరాజు' వేశాను. పక్కన మీసాల ఫోటో. కింద 'ఆదివారం మధ్యాహ్నం భోజనాలు, అందరూ రండి' అని, ఆమె ఫోన్ నంబరు. 'ప్రథమ వర్ధంతి' కూడా వేశాను గానీ, జాగా అంతా పేరే మింగేస్తే అది ఓ మూలకి పోయింది. ఫోటోకి దండ వేద్దామంటే వద్దంది. దండ ఇంట్లో ఫోటోకి వేస్తానంది.

శనివారం ఫోన్ చేసింది. "స్వర్ణా, పొద్దుగాల్నుంచి ఒకటే ఫోన్లు. పార్సిల్ ఉంటదా అని అడుగుతున్నరే!"

మెస్ అనుకున్నారు! ఆ అక్షరాల మొహం చూసి, కొత్తగా హోటల్ తెరుస్తున్నారనుకున్నారు. "అయ్యో పెద్దమ్మా, ఇప్పుడే మబ్బులేసి ఇంకొకటి కొట్టి పంపుత. ముందు అది దించెయ్. ఇంతకు నువ్వేమన్నవ్?"

"ఉంటదన్న."

"ఏందీ?"

"లేదంటె రారు గద. ఏమనుకొని వస్తె ఏంది? రానియ్యి."

ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. ఆదివారం రైలెక్కి వెళ్లాను. షామియానా కింద జనమే జనం! కొందరి చేతుల్లో టిఫిన్ క్యారేజీలు. ఒకాయన "ఫస్ట్ డే అని ఫ్రీయా?" అంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చావు బువ్వ తినడానికొచ్చి బేరాలా! వెళ్లి కడిగేద్దామని ఒక అడుగు వేశాను.

అనసూయమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. "జెర ఆగు. తిననియ్యి."

ఆమే బకెట్ పట్టుకుని వరసలో వడ్డిస్తూ పోతోంది. నేను వెనకాలే అన్నం గిన్నె మోస్తున్నాను. నడుం పీకుతోంది, షామియానా కింద ఉక్క చంపేస్తోంది. వరస చివర కూర్చున్న మనిషి అన్నం కలుపుతూ గల్లీ మొదట్లో ఉన్న ఫ్లెక్సీ వైపు చూపించాడు.

"పప్పు మస్తుగున్నదమ్మా. నేను రాఘవేందర్‌ని. మీ గోడకవతలి ఇల్లే మాది. రోజు ఈడనే తింట ఇగ. ఓనర్ ఆయనేనా?"

"ఆయనే. మా ఇంటాయన. పోయి ఏడాదైంది బిడ్డా. ఇయ్యాల ఆయన పేరు మీదనే భోజనాలు."

రాఘవేందర్ చెయ్యి ఆగిపోయింది. లేవబోయాడు. అనసూయమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టింది. అతను కూర్చునే కాళ్లకున్న చెప్పులు విడిచి పక్కకి నెట్టాడు. పక్కవాడు కూడా విడిచాడు. ఆ మాట వరస పొడుగునా పాకింది. క్యారేజీలు కుర్చీల కిందికి పోయాయి. ఒక్కరూ లేవలేదు.

"మా పక్కింట్లనే ఉండెనా అమ్మా? మాకు పేరు సుత తెల్వకపాయె" అన్నాడతను, తల ఎత్తకుండా.

"ఇప్పుడు తెలిసింది గద" అంది అనసూయమ్మ. అతని విస్తట్లో ఇంకో గరిటెడు పప్పు వేసింది.