మేనత్త మోకాళ్ళు

పెదనాన్న ముందు చాప మీద మోకరిల్లి క్షేమం అడగడం దాకా నాబుల్యాకు బాగానే జరిగింది. చిక్కంతా లేవడం దగ్గర వచ్చింది.

కుడికాలు ఎత్తబోతే ఎడమ తొడ వణికింది. ఎడమకాలు ఎత్తబోతే నడుము పట్టేసింది. రెండు చేతులూ చాప మీద ఆనించి, పాకే పిల్లలా అలాగే ఉండిపోయింది.

"ఇంకా ఏమైనా అడగాలా అమ్మాయ్? కిందే ఉన్నావు" అన్నాడు పెదనాన్న లుబ్వామా.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేనకోడలు నకిగుడ్డె ఒక పక్క, వదిన ఒక పక్క రెక్కలు పట్టుకుని లేవదీశారు. ఆ లాగుడుకి గోమెసి గౌను మీద కట్టిన పట్టు నడుంపట్టీ జారి కాళ్ళ మీద పడింది. నాబుల్యా దాన్ని వంగి తీసుకోలేక, చూడనట్టే నిలబడింది.

ఆ ఆదివారం కుటుంబమంతా చేరింది నకిగుడ్డె పెళ్ళికి ముందు జరిగే పరిచయ వేడుక గురించి మాట్లాడుకోవడానికే. పెళ్ళికొడుకు వైపువాళ్ళు పందిట్లో కూర్చున్నాక పిల్ల మేనత్త బయటికి రావాలి. వాళ్ళకు మోకరిల్లి నమస్కరించాలి. లేచి, తెల్ల కాంజూ అంగీలు తొడుక్కున్న అంతమంది మగవాళ్ళలో పిల్లవాణ్ణి వెతికి చెయ్యి పట్టుకుని, "మావాడు ఇతనే" అనాలి. మేనత్త అలా అనేదాకా అతను అల్లుడు కాడు.

"నువ్వొద్దులే నాబుల్యా. మా నజ్జీవా బయటికి వస్తుంది. అదీ పిల్లకి మేనత్త వరసే" అన్నాడు పెదనాన్న. నజ్జీవా ఆయన కూతురు. ఇందాక నవ్వింది కూడా ఆమే.

"అదేంటి తాతయ్యా! నాకు నాబుల్యా అత్తే కావాలి" అంది నకిగుడ్డె.

"నీకు కావాలి, సరే. వాళ్ళ తరఫున మాట్లాడటానికి వచ్చేవాడి నోరు ఎలాంటిదో నీకు తెలుసా? మీ అత్త అక్కడ ఇరుక్కుపోయిందనుకో, మన వంశాన్ని లేపడానికి క్రేను తెప్పించాలా అంటాడు. నీ పిల్లల పెళ్ళిళ్ళ దాకా చెప్పుకుంటారు ఆ మాట."

నాబుల్యా అన్నయ్య సెబ్బోవా ఇద్దరి మొహాలూ చూసి, "ఇంకా మూడు నెలలుంది కదా" అని నసిగాడు.

పెదనాన్న చాప వైపు వేలు చూపించాడు. "సరే. వేడుకకి ముందు ఆదివారం రా. ఇదే చాప. నేనే చూస్తాను."

నకిగుడ్డె ఎదిగే వయసులో ఎవరినీ అడగలేనివన్నీ అడిగింది నాబుల్యానే. ఆ పిల్ల మొదటిసారి తనకు నచ్చిన కటెండె పేరు చెప్పింది కూడా ఆమెకే. అలాంటిది ఆ రోజున తను పందిరి వెనక కూర్చుని, నజ్జీవా వెళ్ళి ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుంటుంటే చూడాలా? ఇంటికి వెళ్ళేదాకా ఆ ఆలోచనే.

ఆమె పని చేసేది నగరం నడిబొడ్డున ఒక బీమా ఆఫీసులో. పొద్దు పొడవకముందే గేటు దగ్గర బోడా మోటారుసైకిలు నడిపే కిబిరిగె బండి ఆగి ఉంటుంది. దాని వెనక కూర్చుని తనుండే లుంగుజ్జ గుట్ట దిగుతుంది. కింద స్టేజీలో వ్యానెక్కి ట్రాఫిక్ జామ్ తెరిపి ఇచ్చేదాకా కూర్చుంటుంది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. మధ్యాహ్నం భోజనాల ఆవిడ పళ్ళెం తెచ్చి బల్ల మీదే పెడుతుంది. మెదిపిన మాటోకె అరటి గుట్ట, దాని పక్కన అన్నం, చిలగడదుంప, పైన వేరుశెనగ పులుసు. తర్వాత పాలటీ, అందులో చేతికొచ్చినంత పంచదార. చీకటి పడ్డాక మళ్ళీ వ్యాను, మళ్ళీ కిబిరిగె, మళ్ళీ సోఫా. రోజు మొత్తంలో ఆమె నిలబడేది లిఫ్టులోనే.

క్లినిక్‌లో నర్సు మోకాళ్ళు నొక్కి, వంచి చూసింది. "ఎముకలు బాగానే ఉన్నాయి న్యాబో. తొడల్లో బలం లేదు. ఇన్నేళ్ళూ మీ కాళ్ళ పని కుర్చీ చేసింది. నడవండి. కూర్చుని లేవండి. ఆ పళ్ళెంలో గుట్ట కాస్త తగ్గించండి."

"టైమెక్కడిదమ్మా?"

"నాకు మాత్రం ఉందా? ఉన్న పనుల్లోనే ఎక్కడో దూర్చుకోవాలి."

ఆఫీసు స్నేహితురాలి మాట విని ఒక శనివారం జిమ్‌కి వెళ్ళింది. అక్కడి కుర్రాడు చప్పట్లు కొడుతూ అరిచి అరిచి గంటసేపు గెంతించాడు. సోమవారం ఆఫీసులో బాత్రూం తలుపు పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ కుర్రాడి మొహం మళ్ళీ చూడలేదు.

తర్వాతి వారం నకిగుడ్డె వచ్చింది. పెరట్లో చాప పరిచి మాటోకె తొక్క తీస్తూ, స్టూలు మీద కూర్చున్న మేనత్తను చూసింది.

"చాప మీదకి రావా అత్తా?"

"వస్తే నువ్వే లేపాలి."

"మరి చిన్నప్పుడు ఎలా కూచునేదానివి?"

"చిన్నప్పుడా! నీళ్ళకెళ్ళి వచ్చేలోపు దారంతా మోకాళ్ళ మీదే ఉండేవాళ్ళం. పెద్దాయన కనబడితే మోకాళ్ళు. పెద్దావిడ కనబడితే మోకాళ్ళు. బిందె దించడం, కూర్చోవడం, లేవడం, మళ్ళీ ఎత్తుకోవడం. మా అమ్మయితే మట్టంటని మోకాళ్ళు చూసి, ఇవాళ ఎవరికి దండం ఎగ్గొట్టావే అని తిట్టేది."

"మరి ఎప్పుడు మానేశావ్?"

నాబుల్యా గుర్తు చేసుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బిగుతు స్కర్టు వేసుకున్న రోజుల్లో. దారిలో పెద్దవాళ్ళు ఎదురైతే కాస్త నడుం వంచి, ఆలస్యమైపోతోంది అవ్వా అనేసి బోడా ఎక్కేది. చదువుకున్న పిల్ల, తొందరలో ఉంది పాపం అని ఎవరూ ఏమీ అనలేదు. అలా అలా నడుం వంచడం కూడా పోయి చెయ్యి ఊపడం మిగిలింది.

ఆమె అదంతా చెప్పింది. నకిగుడ్డె నవ్వి, "అయితే జిమ్ము గేటు బయటే ఉంది కదత్తా" అంది.

సోమవారం నాబుల్యా మామూలుకంటే ముందే బయల్దేరింది. వదులు గౌను వేసుకుంది. ఆఫీసు చెప్పులు సంచిలో పెట్టుకుంది.

"కూర్చోండి న్యాబో" అన్నాడు కిబిరిగె బండి తిప్పుతూ.

"ఇవాళ నడుస్తాను."

"నడుస్తారా! నేనేం తప్పు చేశాను?" ఇంజను ఆపేసి గుట్ట పొడవునా ఆమె పక్కనే బండిని దొర్లించుకుంటూ వచ్చాడు. "ఎవరన్నా నా గురించి ఏమైనా చెప్పారా? పోనీ సీటు గట్టిగా ఉందా?"

టొమాటోలు అమ్మే అవ్వ వసారా దగ్గర ఆగి, నాబుల్యా గుంజ పట్టుకుని నెమ్మదిగా మోకాళ్ళ మీదకి దిగింది. "రాత్రి బాగా నిద్రపట్టిందా అవ్వా?"

అవ్వ చేతిలో టొమాటో జారిపోయింది. "ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదు. పలకరిద్దామని."

"నువ్వు ఇలా పలకరించి ఎన్నేళ్ళయిందే! నిజం చెప్పు, ఎవరు పోయారు?"

గుంజ పట్టుకునే లేచింది. లేచేసరికి చెమట పట్టింది. తర్వాత బొగ్గులమ్మే ముసలాయన. ఆ తర్వాత మసీదు ఊడ్చే పెద్దమనిషి. ఆఫీసులో ముసలి కాపలాదారుకి మోకరిల్లితే, ఆయన బెదిరిపోయి టోపీ తీసి పట్టుకున్నాడు. మధ్యాహ్నం పళ్ళెం తనే వెళ్ళి తెచ్చుకుంది. మాటోకె సగం చాలంది. "ఒంట్లో బాలేదా?" అని భోజనాల ఆవిడ అలిగింది.

కొన్నాళ్ళకి గుంజ పట్టుకోవడం బదులు వేలు ఆనిస్తే చాలింది. గుట్ట దిగేటప్పుడు వచ్చే ఆయాసం తగ్గింది. కానీ అప్పటికే లుంగుజ్జ అంతా ఇంకో కథ పాకింది.

"దాచకండి న్యాబో, అందరికీ తెలిసిపోయింది" అన్నాడు కిబిరిగె ఒక పొద్దున.

"ఏమిటి?"

"బండి మానేసి నడుస్తున్నారు. ప్రతి వాకిట్లో ఆగుతున్నారు. ముసలివాళ్ళందరికీ మోకరిల్లుతున్నారు. ఇది ఓట్ల నడక కాకపోతే ఏమిటి? కౌన్సిలర్‌గా నిలబడితే ముందు నాకు చెప్పాలి గదా, నా బండి మీదే మీ బొమ్మ కట్టేవాణ్ణి!"

నిజమే. ఆ గుట్ట మీద కాస్త పదవున్న ఆడవాళ్ళ మోకాళ్ళు నేల తాకేది ఎన్నికలప్పుడే. నాబుల్యాకు అది తట్టనే లేదు. టొమాటో అవ్వ దగ్గరికి వెళ్ళి ఒట్టు పెట్టుకుంది. "నాకు ఓట్లొద్దు అవ్వా, ఇది వ్యాయామం."

"వ్యాయామమా! ఆ పేరేదో కొత్తగా ఉంది. సబ్బులెప్పుడు పంచుతావు? పోయినసారి ఓట్లప్పుడు నలుమాన్సి ఉప్పిచ్చింది. తడి ఉప్పు."

అందరూ అదే పాట. సబ్బు, చక్కెర, మా సందులో దీపం. నాబుల్యాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు కళ్ళు దించుకుని బోడా ఎక్కేసింది. ఆ తర్వాత రోజూ ఎక్కింది. ఆ వారం చివర్లో మంచం అంచు మీంచి లేస్తుంటే తొడలు మళ్ళీ పాత వణుకు వణికాయి. చాప ముందు పెదనాన్న మొహం గుర్తొచ్చి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ శనివారమే కౌన్సిలర్ నలుమాన్సి స్వయంగా గేటు తట్టింది. భారీ మనిషి. లోపలికి వస్తూనే మొదలుపెట్టింది.

"నీకు నేనేం ద్రోహం చేశాను నాబుల్యా? నిలబడదల్చుకుంటే మొహాన చెప్పు. చాటున మోకరిల్లడమేంటి?"

"చాటునా! నడిరోడ్డు మీద కదా మోకరిల్లింది. నాకు మోకాళ్ళ జబ్బు అక్కా."

"ఎవరిని నమ్మించడానికి? మోకాళ్ళ జబ్బున్నవాళ్ళు కుర్చీలో కూర్చుంటారు, మోకరిల్లరు."

"కుర్చీలో కూర్చునే వచ్చింది ఆ జబ్బు" అని నాబుల్యా చాప, పెదనాన్న, నజ్జీవా నవ్వు, జారిన నడుంపట్టీ, అన్నీ చెప్పింది.

నలుమాన్సి వింటూ వింటూ సోఫాలో కూర్చుండిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎంతమంది లేపితే లేచావు?" అంది.

"ఇద్దరు."

"నాకు మొన్న చర్చిలో ముగ్గురు కావలసి వచ్చారు. ఎవరికీ చెప్పకు. ఐదేళ్ళ నించి కారే కదా, మీటింగులే కదా. ఎన్నికలొస్తున్నాయి, వీధి వీధినా మోకరిల్లాలి. మొదటి వీధిలోనే ఇరుక్కుపోతే ఎవడేస్తాడు నాకు ఓటు?" లేవడానికి సోఫా చెయ్యి పట్టుకుంటూ అంది. "సోమవారం ఎన్నింటికి బయల్దేరతావ్?"

సోమవారం నుంచి ఇద్దరూ కలిసి గుట్ట దిగారు. టొమాటో అవ్వ ముందు ఇద్దరూ ఒకేసారి మోకరిల్లి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచారు. ఈసారి పొత్తు కుదిరిందని కిబిరిగె స్టేజీ అంతా చాటాడు. నాబుల్యా ఇక ఎవరికీ ఏమీ విడమర్చి చెప్పలేదు. సబ్బు అడిగినవాళ్ళకి నవ్వొకటే ఇచ్చి ముందుకు నడిచింది.

గడువు ఆదివారం వచ్చింది. పెదనాన్న కుర్చీ ముందుకు జరుపుకుని మరీ చూశాడు. నాబుల్యా మోకరిల్లింది. క్షేమం అడిగింది. ఒక కాలు ముందుకు తెచ్చి, తొడ మీద చెయ్యి ఊని, మెల్లిగా లేచి నిలబడింది.

"చెయ్యి ఊనావు" అన్నాడు ఆయన.

"నా చెయ్యే కదా పెదనాన్నా."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "సరే, నువ్వే వెళ్ళు. కానీ నజ్జీవా కూడా నీలాగే అదే గుడ్డ గోమెసి కట్టుకుని వెనకే ఉంటుంది. చెప్పలేం."

వేడుకనాడు ఎండ మండిపోతోంది. పెదనాన్న అన్నట్టే నజ్జీవా అదే రంగు గోమెసితో తెర పక్కన నిలబడింది. పిలుపు రాగానే నాబుల్యా పందిట్లోకి నడిచింది. చాప మీద మోకరిల్లి వచ్చినవాళ్ళ క్షేమం అడిగింది. తొడ మీద చెయ్యి ఊని లేచింది. ఆమె వైపు ఆడవాళ్ళు సంతోషంతో కేక వేశారు. అయిపోయింది అనుకుని ఊపిరి వదిలింది.

అప్పుడు లేచాడు అవతలివైపు మాట్లాడేవాడు.

"అత్తగారు ఇంత తొందరగా లేచారేంటండీ? మా వెనక వరసవాళ్ళకి కనబడనే లేదు. మా పెద్దాయనకి కళ్ళజోడు పెట్టుకునే టైమన్నా ఇవ్వాలి కదా! మళ్ళీ ఒక్కసారి."

పందిరంతా నవ్వింది. అడిగితే కాదనకూడదు, అది ఆ వేడుక మర్యాద. నాబుల్యా రెండోసారి దిగింది. మళ్ళీ క్షేమం అడిగింది. లేవబోయింది. తొడ వణికింది. గోమెసి మడతలు కాలి కింద ఇరుక్కున్నాయి. సగంలో ఆగి మళ్ళీ చాప మీదకే దిగింది.

తెర దగ్గర నజ్జీవా ఒక అడుగు ముందుకు వేయడం కంటికొసన కనబడింది. నాబుల్యా అరచెయ్యి చూపించి ఆగమంది.

అవతలివాడు నోరు తెరిచేలోపు ఆమే అందుకుంది. "ఏం నాయనా, చూపు తిప్పకు. మా పిల్లని అడగడానికి వచ్చినవాళ్ళు కాస్త ఆగడం నేర్చుకోవాలి. కళ్ళజోడు పెట్టుకున్నారా అందరూ?"

"పెట్టుకున్నాం!" అని ఎవరో ముసలాయన వెనకనించి అరిచాడు. ఈసారి నవ్వు రెండువైపులా లేచింది.

ఆ నవ్వు సాగినంతసేపూ ఆమె తొందరపడలేదు. కాలి కింది గుడ్డను లాగి సర్దుకుంది. నిండా ఊపిరి తీసుకుంది. ఒక కాలు ముందుకు తెచ్చి, తొడ మీద చెయ్యి ఊని, పళ్ళు బిగబట్టి లేచింది. నిటారుగా నిలబడ్డాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

తర్వాత తెల్ల కాంజూల వరసల మధ్యకు నడిచి, తలొంచుకు కూర్చున్న కటెండె చెయ్యి పట్టుకుంది. "మావాడు ఇతనే" అంది అందరికీ వినబడేలా. ఆ చెయ్యి చల్లగా తడిసిపోయి ఉంది.

"ఏంట్రా, ఇంత చెమట?" అంది గొంతు తగ్గించి.

"మీరు లేవరేమోనని భయమేసిందత్తా."

"నాకూ వేసింది. పద."